పడమటి గోడకు రేకులు

ఆ పొద్దు ఇంట్లో ఉన్నది ఐదుగురు. నాయన తిప్పన్న పెరట్లో కొత్త కొట్టం ముందర గొంతుకూచుని కందికట్టెల తడికెకు తాళ్ళు బిగిస్తున్నాడు. అవ్వ కుళ్ళాయమ్మ సంగటికి ఎసరు పెట్టి, రాజుకోని పొయ్యిని నోటికొచ్చినట్టు తిడుతోంది. అన్న నరసప్ప చీరల మూట కట్టుకుని హిందూపురం రైలుకు తయారవుతున్నాడు. వదిన అంజనమ్మ బావి దగ్గర గిన్నెలు తోముతోంది. ఆమె పెనుకొండ నుంచి ఈ ఇంటికి వచ్చి ఇంకా మూడు నెలలు నిండలేదు. ఐదో మనిషి ఓబులమ్మ. పధ్నాలుగేళ్ళ పిల్ల. వసారాలో రాట్నం ముందర కూచుని పట్టు కండెలు చుడుతూ, బావి దగ్గర గిన్నె చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూస్తోంది.

ధర్మవరంలో వాళ్ళ వీధంతా మగ్గాలే. తిప్పన్న మగ్గం ఇన్నాళ్ళూ నడవలోనే ఉండేది. అక్కడ వెలుతురు లేదు, వచ్చేపోయే వాళ్ళ కాళ్ళ దుమ్ము పట్టు మీద పడేది. అందుకే ఆ చలికాలమంతా ఆయన పెరట్లో కొట్టం కట్టాడు. మేస్త్రీని పిలవలేదు. నడుము ఎత్తు వరకు రాయీ మన్నూ పేర్చి, దాని పైన కందికట్టెల తడికెలు నిలబెట్టి, బోదగడ్డి కప్పాడు. మగ్గం గుంట కూడా తనే తవ్వాడు. రాళ్ళు అందించింది ఓబులమ్మ. నీళ్ళు మోసింది ఓబులమ్మ. గుంటలో దిగి, "లోతు సరిపోతుందా నాయనా?" అని కాళ్ళు చాపి చూపించింది కూడా ఓబులమ్మే. కాబట్టి ఆమె మనసులో ఆ కొట్టం ఆమెదే. మూడు గోడలకు బయట మట్టి మెత్తడం అయిపోయింది. పడమటి గోడ ఒక్కటే తడికె తడికెలాగే ఉంది. సాయంత్రమైతే దాని సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా లోపలికి పడేది.

ఒక రంగు చీరకు ఇంకో రంగు అంచు నెయ్యాలంటే ఒక మనిషి చాలడు. నేసే మనిషి చీర రంగు పోగు చుట్టిన నాడె విసురుతాడు. పక్క పీట మీద కూచున్న మనిషి అంచు నాడె అందిస్తుంది. అమ్మ పోయాక, ఎనిమిదో ఏటి నుంచి ఆ పీట ఓబులమ్మది. నాయన నోటితో చెప్పే పనే ఉండేది కాదు. ఆయన కాలు తొక్కిన చప్పుడు వింటే చాలు, ఆమె చేతిలో నాడె కదిలేది. వీధిలో ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడని పిల్ల, ఆ పీట మీద మాత్రం కూనిరాగం తీసేది.

అన్నం దగ్గర కూచున్నప్పుడు అవ్వ ఆ మాట అనేసింది.

"తిప్పన్నా, కొత్త కొట్టంలో పక్క పీట మీద కోడల్ని కూచోబెట్టు."

"ఓబులమ్మ ఉండాది కదమ్మా."

"ఉండాది, ఎన్నాళ్ళుంటుంది? పొద్దున లేస్తే ఎవరో ఒకరు పిల్లనడిగేదానికి వస్తాండారు. కూతురికి నేర్పిన పని ఇంకో ఇంటికి పోతుంది. కోడలికి నేర్పిన పని మనింట్లో నిలుస్తుంది. మీ తాత నన్ను కూచోబెట్టుకోలేదా? మీ మేనత్త ఎంత ఏడ్చిందో నీకు తెలీదా?"

నాయన సంగటి ముద్దను అటూ ఇటూ తిప్పాడు. ఓబులమ్మ వైపు చూడలేదు. "సరే కానీ," అన్నాడు.

అంతే. ఆరేళ్ళ పీట రెండు మాటల్లో పోయింది.

ఆ ఇంట్లో కొత్త కోడలు మామతో ఎదురుగా మాట్లాడదు. కొంగు తల మీదికి లాక్కుని పక్కకు తప్పుకుంటుంది. చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఆడబిడ్డతో చెబుతుంది, ఆడబిడ్డ పోయి నాయనతో చెబుతుంది. ఆ పొద్దు అంజనమ్మ తలుపు చాటు నుంచి మెల్లగా పిలిచింది.

"ఓబులమ్మా, మామ పడమటి గోడకు ఏమి వేద్దామా అని ఆలోచిస్తాండాడు కదా. మా పెనుకొండలో ఆ దిక్కుకు మన్నే మెత్తుతారు, మందంగా. ఒక మాట చెప్తావా?"

ఓబులమ్మ తలూపి పెరట్లోకి వెళ్ళింది. నాలుగడుగులు వేసేలోపల ఆ 'మా పెనుకొండ' అనే మాట చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఈమె పెనుకొండ వచ్చి మా గోడకు మన్ను మెత్తుతుందా?

"నాయనా," అంది, "పడమటి గోడకు రేకులు కొడదాము. రైలు టేషను గోదాముకు కొట్టినారు చూడు. వానొచ్చినా ఏమీ కాదు, మళ్ళా మళ్ళా మెత్తే పనీ ఉండదు."

నాయన పగలబడి నవ్వాడు. "అయిదో క్లాసుకే ఇంజినీరువైపోతివి కదే!" అన్నాడు. కానీ పొద్దున పీట సంగతిలో కూతురి మొహం ఎట్లా వాడిందో ఆయన చూడనట్టుండే చూశాడు. ఈ ఒక్క మాటైనా నెగ్గనిద్దామనుకున్నాడేమో, వాకిట్లో ఉన్న కొడుకును కేకేసి, "నరసప్పా, హిందూపురంలో ఖాళీ కిరసనాయిలు డబ్బాలు దొరికితే తీసుకురారా," అని చెప్పాడు.

మరునాడు నరసప్ప తెచ్చిన డబ్బాలను కోసి, సుత్తితో సాపు చేసి, ఒకదాని మీద ఒకటి అంచు కలిసేలా తడికెకు కొట్టారు. పొద్దువాలేసరికి పడమటి గోడ తళతళలాడింది. పక్కింటి సుంకన్న గోడ మీదుగా తొంగి చూశాడు.

"ఏమప్పా తిప్పన్నా, వెండి మేడ కడతాండావే!"

"మా పాప చెప్పిందిలేబ్బా," అన్నాడు నాయన.

ఆ మాటకు ఓబులమ్మ వారగా వదిన వైపు చూసింది. తను చెప్పమన్నది ఒకటి, ఇక్కడ జరిగింది ఇంకొకటి అని ఆమెకు తెలియకుండా ఉంటుందా? అంజనమ్మ రేకు మీద మెరిసే ఎండకు కళ్ళు చిట్లించుకుని, చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మంచి రోజు చూసి మగ్గం కొట్టంలోకి దించారు. పక్క పీట మీద వదిన కూచుంది. ఓబులమ్మ వసారాలో రాట్నం దగ్గర ఉండిపోయింది. ఆ చోటు నుంచి మగ్గం చప్పుడు వినిపించేది. మొదటి రెండు రోజులు చప్పుడు తడబడింది. 'చూసినారా!' అనుకుంది. మూడో రోజుకు తడబాటు పోయింది. కాలు, నాడె, పోగు కొట్టే అచ్చు, మళ్ళీ కాలు. తను కూచున్నప్పటి చప్పుడే, తను లేకుండా. చేతిలో కండె జారి దొర్లిపోయినా ఆమె లేచి తెచ్చుకోలేదు.

రాత్రి అన్నం తింటూ నాయన, "కోడలుపిల్ల చెయ్యి మంచిది. అంచు కత్తితో గీసినట్టు వస్తాండాది," అన్నాడు.

"పెనుకొండ వాళ్ళా, మజాకా?" అన్నాడు నరసప్ప మీసం తడుముకుంటూ.

"నువ్వు నేసినావా, మీసం తిప్పుతాండావు? నీ చేతికి మూట తప్ప మగ్గం అంటిందే లేదు," అంది అవ్వ. అందరూ నవ్వారు. ఓబులమ్మ చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

ఉగాది పోయింది. ఎండలు ముదిరాయి. అప్పుడు మొదలైంది పోగులు తెగడం. పొద్దున పూట మగ్గం బాగానే నడిచేది. పొద్దు నడినెత్తి దాటిందంటే నిలువుగా పరిచిన పడుగులో పట్టుపోగులు పిటపిటమని తెగేవి. నాయన ఆపి, తెగిన కొసలు వేళ్ళతో పురిపెట్టి అతికేవాడు. ఒకటి అతికేలోపల ఇంకొకటి తెగేది. మగ్గం మీద ఉన్నది పెండ్లి చీర. మామిడిపిందెల అంచు, నిండు ఎరుపు. అతుకులు ఎక్కువైతే చీర ముఖం చెడిపోతుంది, కొనేవాడు చెయ్యి పెట్టి చూసి పక్కన పడేస్తాడు.

ఒక మధ్యాహ్నం అంజనమ్మ నీళ్ళు తాగే వంకతో వసారాలోకి వచ్చింది. కుడి చెంప ఎర్రగా కందిపోయి ఉంది.

"ఓబులమ్మా, పడమటి గోడ పెనం మాదిరి కాలుతాండాది. ఆ సెగకే పట్టు ఎండి తెగుతాండాది. మామకు చెప్పు, రేకులు తీసేద్దామని."

"చెప్తా," అంది ఓబులమ్మ.

చెప్పలేదు. మరునాడు వదిన మళ్ళీ అడిగింది. "చెప్పినావా?"

"నాయన పనిలో ఉండాడు. చెప్తాలే."

ఆ సాయంత్రం నిజంగానే చెబుదామని కొట్టం దాకా వెళ్ళింది. లోపల నాయన తెగిన పోగు వెతుక్కుంటూ, "ఈ చేతికి ఏమొచ్చిందో!" అని గొణుక్కోవడం వినిపించింది. ఆయన అంటున్నది వదిన చెయ్యి. ఓబులమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. లోపల ఏదో తియ్యగా కదిలింది. ఒక్క రోజు చూద్దాం, ఇంకొక్క రోజు, అనుకుని వెనక్కి తిరిగింది.

అవ్వ అయితే మాట దాచుకునే మనిషి కాదు. "కొందరిది ఉష్ణం చెయ్యి. మా చిన్నత్త ముట్టుకుంటే పట్టు పేలాల మాదిరి తెగేది. ఆమెను మగ్గం కాడికే రానిచ్చేవాళ్ళు కాదు," అంది వీధిలోకి వినబడేటట్టు.

మరునాటి నుంచి అంజనమ్మ పీట మీద కూచునే ముందు రెండు చేతులూ పుల్లటి మజ్జిగలో ముంచి పెట్టుకునేది. గోరింటాకు నూరి అరచేతులకు పట్టించుకునేది. బావి గట్టు మీద చేతులు నీళ్ళలో పెట్టుకుని చాలాసేపు కూచోవడం ఓబులమ్మ చూసింది. చేతుల వైపు చూసుకుంటూ ఉంది వదిన, అవి తనవి కానట్టు.

ఒకరోజు ఒక్క పూటలోనే లెక్కపెట్టలేనన్ని పోగులు తెగాయి. నాయన మగ్గం గుంటలోంచి లేచి బయటికి వచ్చి, తలగుడ్డ విప్పి నేల మీద కొట్టాడు.

"ఇంగ చాలు! రేపట్నించి ఆయమ్మను కూచోవద్దని చెప్పండి."

అవ్వ వెంటనే అందుకుంది. "నేను ముందే చెప్తి. పెనుకొండకు పంపించు. వాళ్ళమ్మ చలవ చేసి పంపిస్తుంది. ఎండాకాలం పోయినాక వస్తుంది."

"ఏం మాట్లాడతావవ్వా?" నరసప్ప గొంతు లేచింది. "పోగు తెగితే పెండ్లాన్ని పుట్టింటికి తోలాల్నా? ఊర్లో ఏమనుకుంటారు?"

"పెండ్లి చీర చెడితే ఊర్లో ఏమీ అనుకోరా? అప్పుడు నీ మూట ఎవడు విప్పుతాడో చూస్తా!"

"వాడిమీద అరస్తే ఏం లాభం? నాలుగు దినాలు పోయి రానీ," అన్నాడు నాయన నీరసంగా.

అంజనమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. మామ ముందర ఆమె నోరు విప్పకూడదు. తల మీద కొంగు సర్దుకుని ఒకే ఒక్కసారి ఓబులమ్మ వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. ఓబులమ్మ తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీకింది.

మరునాడు పొద్దున్నే ఆమె తన పీట మీద తను కూచుంది. ఎన్నాళ్ళకో చేతిలోకి అంచు నాడె వచ్చింది. నాయన కాలు తొక్కాడు, ఆమె చెయ్యి కదిలింది. మామిడిపిందె ఒకటి పూర్తయింది. "మరిచిపోలేదే!" అన్నాడు నాయన. ఓబులమ్మకు ప్రాణం లేచొచ్చింది.

పొద్దు పడమరకు తిరిగింది. ముందు కుడి చెంపకు వెచ్చగా తగిలింది. తర్వాత చెవి కాలింది. తర్వాత కుడి చెయ్యంతా పొయ్యి పక్కన పెట్టినట్టు అయింది. తడికె సందుల్లోంచి వేడి ఊపిరి లోపలికి వస్తోంది. పిట్‌మని ఒక పోగు తెగింది.

ఓబులమ్మ నాడె ఆపింది. నాయన వంగి అతికాడు.

"పోనీలే తల్లీ. ఎండాకాలం పోగు, అట్లనే ఉంటుంది."

ఇంకొకటి తెగింది. ఇంకొకటి.

"ఏం కాదులే. నువ్వు బెదరాకు."

వదిన కూచున్నప్పుడు తెగితే ఉష్ణం చెయ్యి. తను కూచున్నప్పుడు తెగితే ఎండాకాలం. ఓబులమ్మ నాడె పట్టుకున్న తన చేతిని చూసుకుంది. ఆ చేతిని నాయన అనుమానించడు. ఎన్ని పోగులు తెగినా అనుమానించడు. తనకు కావలసింది ఇదే కదా?

తెరిచి ఉన్న తలుపులోంచి పెరడు దాటి ఇల్లు కనిపిస్తోంది. వదిన వసారాలో మోకాళ్ళ మీద కూచుని మూట కడుతోంది. సాయంత్రం రైలుకు అన్న ఆమెను పెనుకొండలో దిగబెట్టి వస్తాడు. గోరింటాకు పండిన ఆ చేతులతో ఆమె ముడి వేసి, సరిగా పడలేదని మళ్ళీ విప్పింది.

ఓబులమ్మ నాడె పక్కన పెట్టేసింది.

"నాయనా, అది వదిన చెయ్యి కాదు. గోడ. ఒక్కసారి ముట్టుకో."

"ఏమి?"

"రేకులు కాలుతాండాయి. పట్టు ఎండి తెగుతాండాది. వదిన నాకు చెప్పింది, నీతో చెప్పమని. శానాసార్లు చెప్పింది. నేనే... నేనే చెప్పలేదు. ముందర మన్ను మెత్తమని చెప్పింది కూడా వదినే. నేనే రేకులని చెప్తి."

తిప్పన్న లేచి బయటికి పోయి, పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించాడు. చురుక్కుమని తీసేశాడు. ఆయన తిడతాడని, కొడతాడని ఓబులమ్మ ఎదురుచూసింది. ఆయన ఒక్కటే అడిగాడు.

"ఎందుకమ్మా?"

ఆమెకు ఏడుపు వచ్చింది.

నాయన గడ్డపార తెచ్చి మొదటి రేకు కింద దూర్చి లాగాడు. ఆ చప్పుడుకు అవ్వ, అన్న, వదిన పరుగెత్తుకొచ్చారు. సంగతి విన్నాక అవ్వ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓసి నీ కడుపుడికిపోనూ! దాని నోట్లో మాట నీ నోట్లో పెట్టుకుని మింగేస్తివా? పిల్లిలాగా ఇంట్లో తిరుగుతాంటే ఏమో అనుకుంటి కదే!"

నరసప్ప పళ్ళు కొరికాడు. నాయన ఎవరి మాటా వినిపించుకోలేదు. రేకు కింద పడేసి, కోడలి వైపు తిరిగాడు.

"అంజనమ్మా, ఇంగ మీదట ఏం చెప్పాలన్నా నాతోనే చెప్పు. మధ్యన ఎవరూ వద్దు."

"కోడలు మామతో మాట్లాడితే వీధి నవ్వదా?" అంది అవ్వ.

"నవ్వనీమ్మా. చీర చెడితే వీధి వచ్చి అతుకుతుందా?"

అంజనమ్మ కొంగులోంచే తలూపింది. మూట విప్పారు. రేకులన్నీ ఊడదీసి, తడికెకు తడి గోనెపట్టాలు వేలాడదీశారు. ఎర్రమన్ను తెచ్చి, గడ్డీ పేడా కలిపి, నీళ్ళు పోసి తొక్కి నానబెట్టారు. అది మగ్గాలి, అప్పుడే గోడను పట్టుకుంటుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ ఓబులమ్మతో సరిగా మాట్లాడలేదు. నాయన మళ్ళీ కోడలినే కూచోబెట్టుకున్నాడు. ఓబులమ్మ గోనెపట్టాల మీద నీళ్ళు చల్లుతూ, మట్టి తొక్కుతూ బయటే ఉంది.

ఒక మాపటి వేళ వదిన మట్టి గుంట దగ్గరికి వచ్చి పక్కన కూచుంది.

"నాకు తెలుసులే, నువ్వు చెప్పలేదని," అంది.

ఓబులమ్మ ఉలిక్కిపడింది. "తెలిసీ అవ్వతో ఎందుకు చెప్పలేదు? అన్నతోనైనా చెప్పొచ్చు కదా?"

"చెప్దామనే అనుకుంటి. నీ మీద కోపం కూడా వచ్చింది. ఒక రాత్రి మీ అన్నతో చెప్పేదానికి నోరు తెరిస్తి." అంజనమ్మ తడిమట్టిని వేళ్ళతో నలిపింది. "మా ఇంట్లో మా నాయన పక్కన నేనే కూచునేదాన్ని. మా అన్న పెండ్లయినాక మా వదిన కూచుంది. పట్టు ఆరబెట్టినప్పుడు దాని కుచ్చులన్నీ చిక్కు చేసి పెడితి నేను. పిల్లి చేసిందని చెప్తి. ఇప్పటికీ ఇంట్లో పిల్లే అనుకుంటాండారు."

ఓబులమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళూ తన పీట లాక్కోవడానికి వచ్చిన మనిషిగానే కనిపించింది ఈమె. ఈమె కూడా ఒక పీట వదిలిపెట్టి, ఎవరో చూపించిన ఇంకో పీట మీద భయపడుతూ కూచుందని ఏనాడూ తట్టలేదు. రేపు తనూ ఎక్కడో ఏదో ఇంట్లో అట్లాగే కూచుంటుంది. ఆ ఇంట్లో కూడా ఒక ఆడబిడ్డ ఉంటుంది. ఓబులమ్మ మట్టి చేతులతోనే మొహం కప్పుకుంది. వదిన వీపు మీద చెయ్యి వేసింది, ఆ చెయ్యి చల్లగా ఉంది.

మన్ను మగ్గిన పొద్దున ఓబులమ్మ లంగా ఎగగట్టి పడమటి గోడకు మెత్తడం మొదలుపెట్టింది. పిడికెడు మన్ను తీసి తడికె సందుల్లోకి గట్టిగా కొట్టి, అరచేత్తో పైకి రాచింది. కింద నుంచి మొదలుపెట్టి తలుపు మూల దాకా వచ్చింది. మగ్గం మీదికి పోబోతున్న అంజనమ్మ గడపలో ఆగింది.

"ఓబులమ్మా, నువ్వు లోపలికి రా. ఈ పూట నువ్వు కూచో, నేను మెత్తుతా. మామను అడిగినాలే, నేనే అడిగినా."

లోపల నాయన మగ్గం గుంటలో దిగి కూచుని, దేనికోసమో వెతుకుతున్నట్టు నాడెల పెట్టెలోకి చూస్తున్నాడు. ఆయన పక్కన పీట ఖాళీగా ఉంది. ఓబులమ్మ చేతుల నుంచి మన్ను నీళ్ళు కారి మోచేతుల దాకా వచ్చాయి. కాళ్ళు ఆ వైపుకు ఒక అడుగు వేశాయి కూడా. కుళ్ళు పోయిందనుకుంది గానీ పోలేదు.

"వద్దు వదినా," అంది. "పెండ్లి చీరది సగం అంచు నీ చేతిది. మధ్యలో చెయ్యి మారితే తెలిసిపోతుంది."

"తెలిస్తే తెలవనీలే."

"ఊహూఁ. నువ్వు పో. మన్ను చిందుతాండాది, లోపల పట్టు మీద పడుతుంది. తలుపెయ్యి."

అంజనమ్మ కళ్ళు కొంగుతో తుడుచుకుంది. లోపల నాయన దగ్గాడు. ఓబులమ్మ వంగి ఇంకో పిడికెడు మన్ను తీసుకుని, గోడ మూలకు కొట్టి, తలెత్తకుండా మెత్తసాగింది. వదిన ఇంకా గడపలోనే ఉందని, తననే చూస్తోందని ఆమెకు తెలుసు.

"వెయ్యి వదినా," అంది మళ్ళీ.

అంజనమ్మ రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా, తలుపు మూసింది.